హీరో భుజం ఎందుకు వాలింది

ప్రతి సినిమా కెమెరా ముందుకు వెళ్లకముందే ఒకసారి కాగితం మీద పూర్తవుతుంది. ఆ పని చేసేవాళ్లను స్టోరీబోర్డు ఆర్టిస్టులు అంటారు. కథలోని ప్రతి సంఘటననూ వరస గళ్లలో బొమ్మలుగా గీసి, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎటు నడవాలో, కెమెరా ఎంత దూరం నుంచి చూడాలో ముందే తేల్చిపెట్టడం వాళ్ల వృత్తి. తెర మీద వాళ్ల గీత ఒక్కటీ కనిపించదు. షూటింగు ముగిశాక ఆ కాగితాలు టీ గ్లాసుల కింద పరుచుకోవడానికి పనికొస్తాయి.

ఈ కథలోని ఆర్టిస్టును స్టూడియోలో అందరూ బాణాలమ్మ అంటారు. ఆమె నల్ల బాణం గీస్తే మనిషి కదలాలి, బోలు బాణం గీస్తే కెమెరా కదలాలి. ఆమె గళ్లలో మనుషుల కంటే బాణాలే ఎక్కువ. మనుషులకు ముఖాలు ఉండవు. గుండ్రని తలా, తల ఎటు తిరిగిందో తెలియడానికి ఒక అడ్డగీతా ఉంటాయి, అంతే. ఆమె బల్ల మేడమెట్ల మలుపులో, మంచినీళ్ల ఫిల్టరు పక్కన ఉంటుంది. నీళ్లు తాగడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆమె భుజం మీదుగా తొంగిచూసి, ఒక సలహా పడేసి, గ్లాసు బోర్లించి పోతారు. ఫిల్టరు పాడైన వారంలో ఆమె పని రెండింతలు సాగింది. బాగు చేయించమని మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఈ వృత్తిలోకి ఎలా రావాలో అడగడానికి చిత్రకళ చదివిన పిల్లలు అప్పుడప్పుడూ ఆమె దగ్గరికి వస్తుంటారు. చేతుల్లో పెద్ద పెద్ద ఫైళ్లు, వాటిలో కనురెప్పల వెంట్రుకలతో సహా దించిన ముఖాలు. ఆమె అవన్నీ ఓపిగ్గా తిరగేసి ఒకే ప్రశ్న వేస్తుంది.

“మీ ఇంట్లో కదలకుండా నిలబడే మనిషి ఎవరైనా ఉన్నారా?”

పిల్లలు నవ్వుతారు. ఆమె నవ్వదు. తను ఈ ఉద్యోగంలో ఎలా కుదురుకుందో, ఆ ఉద్యోగం ఒక దశలో ఎలా ఊగిసలాడిందో వివరించాలంటే ఆ నిలబడే మనిషి నుంచే మొదలుపెట్టాలి.

ఆ మనిషి ఆమె మేనమామ. తల్లికి స్వయానా అన్న. పెళ్లి చేసుకోలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఒక గిడ్డంగి గుమ్మం ముందు నిలబడి కాపలా కాశాడు. ఆ ఉద్యోగం ఆయనకు రెండు విషయాలు మిగిల్చింది: ఎంతసేపైనా కదలకుండా నిలబడే అలవాటు, అరిగిపోయిన కుడి తుంటి. అందుకని ఆయన నిలబడితే బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి చెయ్యి నడుముకు ఆనించి, ఎడమ భుజాన్ని కిందికి వాల్చి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడతాడు. ఆమె తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. అన్నగారి చొక్కాలకు ఎడమ భుజం రెండు వేళ్లు దించి కత్తిరిస్తుంది. అలా కుడితేనే ఆయన ఒంటి మీద చొక్కా చొక్కాలా ఉంటుంది.

బాణాలమ్మ చిత్రకళ కాలేజీ గడప తొక్కలేదు. ఆమె మొదటి ఉద్యోగం మిక్సీలు తయారుచేసే కంపెనీలో. డబ్బాలో మిక్సీతోపాటు మడతపెట్టి ఉంచే కాగితం ఉంటుంది కదా, మూత ఎలా బిగించాలో, తీగ ఎక్కడ పెట్టాలో బొమ్మల్లో చెప్పేది. ఆ కాగితాలు గీసేది. ఈ వృత్తికి కావలసినదంతా అక్కడే నేర్చుకున్నానని ఆమె అంటుంది. ఒక బొమ్మలో ఒకే పని చూపాలి. ముఖం ఎవరూ చూడరు, చెయ్యి ఎక్కడుందో చూస్తారు. బాణం తప్పుగా వేస్తే ఎక్కడో ఒక వంటింట్లో ఎవరి వేలో తెగుతుంది. సినిమాల్లో వేళ్లు తెగవు గానీ, భయం మాత్రం అదే ఉండాలట.

ఆ కాగితాల్లో మిక్సీ ముందు నిలబడే మనిషి కోసం ఆమె మామయ్యను నిలబెట్టేది. ఆయన మిక్సీని కూడా గిడ్డంగిలాగే కాపలా కాసేవాడు. గంటకోసారి మాత్రం, “అమ్మడూ, ఇది ఎవరైనా ఎత్తుకుపోతారంటావా?” అని అడిగేవాడు.

స్టూడియోలో ఉద్యోగం ఉందని తెలిసి వెళ్లినప్పుడు డైరెక్టరు అభ్యర్థులందరికీ ఒకే పరీక్ష పెట్టాడు. ఒక మనిషి ఏదో తీసుకోవడానికి గదిలోకి వచ్చి, దేనికోసం వచ్చాడో మరచిపోయాడు. ఒక్క మాట కూడా రాయకుండా దాన్ని బొమ్మల్లో చూపాలి. తక్కినవాళ్లు నుదుటి మీద ముడతలు గీశారు, గాలిలో ప్రశ్నార్థకాలు వేలాడదీశారు. ఒకాయన కన్నీటి చుక్క కూడా పెట్టాడు. ఆమె మాత్రం తన మామయ్య వీపు గీసింది. ఆయన రోజూ చేసే పనే కనుక ఆలోచించవలసిన అవసరం రాలేదు. గది మధ్యలో ఒక వీపు, నడుము మీద చెయ్యి, వాలిన భుజం. పక్కన అటో ఇటో తేల్చుకోలేని చిన్న బాణం.

డైరెక్టరు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

“ఈయన్ని నేనెక్కడో చూశాను.”

“చూసి ఉండరు సార్. మా మామయ్య. ఇల్లు కదలడు.”

“కాదమ్మా,” అన్నాడాయన గొంతు తగ్గించి. “ఇది నేనే.”

ఉద్యోగం ఇచ్చాక ఆయన ఆమెకు ఒక రహస్యం చెప్పాడు. ఇన్ని సినిమాలు తీసినా, కళ్లు మూసుకుంటే ఆయనకు నలుపు తప్ప మరేమీ కనిపించదు. ఏ దృశ్యాన్నీ ఊహించలేడు. ఎవరైనా గీసి చూపిస్తేనే కనిపిస్తుంది. కనిపిస్తే మాత్రం వెంట్రుకవాసి తేడా రాకుండా తీస్తాడు. పైగా అంతకుముందు సినిమాలో సెట్టు మీద ఎవరో తెలివి ప్రదర్శించి బోర్డును మార్చబోతే, హీరోయిన్ ఒక తలుపు తీసుకుని బయటికి వెళ్లి, తరవాతి షాట్‌లో తలుపే లేని గోడలోంచి లోపలికి వచ్చింది. అప్పటి నుంచి ఆ స్టూడియోలో ఒకటే చట్టం: బోర్డులో ఉన్నది తెర మీద ఉండాలి.

ఈ చట్టం ఎంతవరకు పోతుందో ఆమెకు మొదటి సినిమాలోనే తెలిసింది. హీరోయిన్ ఒంటరిగా మేడ మీద నిలబడే గడిలో పెన్ను కక్కి, ఆకాశంలో సిరా చుక్క పడింది. కాగితం మార్చాలనుకుని మరచిపోయింది. షూటింగు రోజున వెళ్లి చూస్తే, క్రేనుకు కట్టిన బండెడు నల్లటి గోళం హీరోయిన్ తల మీద వేలాడుతోంది. దాని కింద నలుగురు మనుషులు తాళ్లు పట్టుకుని చెమటలు కక్కుతున్నారు. సినిమా విడుదలయ్యాక ఒక పత్రిక ఆ గోళం మీద రెండు పేజీల వ్యాసం వేసింది. స్త్రీ దుఃఖాన్ని అంత బరువుగా ఇంతవరకు ఎవరూ చూపలేదట. ఆమెకు మనసు ఊరుకోక డైరెక్టరు దగ్గరికి వెళ్లింది.

“సార్, అది సిరా.”

“సిరాయే. కానీ పడాల్సిన చోట పడింది,” అని ఆయన ఫోను ఎత్తుకున్నాడు.

సిరా ఒక్కసారే పడింది. మామయ్య మాత్రం ప్రతి గడిలోనూ పడ్డాడు. ఆమెకు ఎదురుగా కనిపించే శరీరం ఆయనదొక్కటే. అందువల్ల హీరో మామయ్యలా నిలబడ్డాడు, విలన్ మామయ్యలా నిలబడ్డాడు, తీర్పు చెప్పే జడ్జీ అలాగే నిలబడ్డాడు, పెళ్లికూతురు కూడా అలాగే నిలబడింది. హీరో ఆ నిలబడే తీరు నేర్చుకోవడానికి ప్రత్యేకంగా ఒక గురువును పెట్టుకున్నాడు. ప్రేమపాటలో హీరో, హీరోయిన్ ఎదురెదురుగా చెరోవైపుకు వాలి నిలబడితే, పునాది కుంగిన రెండు ఇళ్లు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. జనానికి అది తెగ నచ్చింది. ఏడాది తిరిగేలోపు వీధుల్లో కుర్రాళ్లందరూ ఎడమ భుజం వాల్చి, నడుము మీద చెయ్యి వేసి నిలబడటం మొదలుపెట్టారు. బట్టల దుకాణం అద్దాల్లో ఎడమ భుజం దించి కుట్టిన చొక్కాలు వేలాడాయి. ఆమె తల్లి ఆ అద్దం ముందు ఆగి, ముక్కు మీద వేలేసుకుంది.

“ఇది నా కత్తిరింపే!”

ఈ వ్యవహారంలో నష్టపోయినవాడు ఒక్క మామయ్యే. బస్‌స్టాపులో కుర్రాళ్లు ఆయన్ని చూసి ఆటపట్టించేవారు.

“ఏం తాతా, ఈ వయసులో హీరో పోజులా?”

“పోజు కాదు నాయనా, తుంటి నొప్పి.”

“అబ్బో! ఆ భుజం ఇంకొంచెం దించాలి తాతా. హీరో అలా కాదు. ఇదిగో, ఇలా.”

ఇంటికి వచ్చి ఆయన చెప్పులు విడుస్తూ, “వాడు నాకంటే బాగా నిలబడ్డాడే అమ్మడూ,” అన్నాడు. ఆ మాటలో ఉక్రోషం లేదు. ఉన్నది ఒప్పుకుంటున్న మనిషి గొంతు.

ఒకసారి షూటింగు చూడాలని ముచ్చటపడితే ఆమె ఆయన్ని వెంట తీసుకెళ్లింది. ఆ రోజు జనం మధ్య నిలబడే మనుషులు తక్కువపడ్డారు. ప్రొడక్షన్ మేనేజరు అందర్నీ వరసగా నిలబెట్టి ఎంచుతూ, మామయ్య ముందు ఆగి, తల అడ్డంగా ఊపాడు.

“పెద్దాయన మరీ అతి చేస్తున్నారు. మనకు కాస్త సహజంగా ఉన్నవాళ్లు కావాలి.”

ఇలా కొన్నాళ్లు గడిచాక, ఆమె గీస్తున్న పెద్ద సినిమా ఒకటి చివరికి వచ్చింది. ఆఖరి పోరాటం మాత్రం గీయవలసి ఉంది. రాళ్ల క్వారీ అద్దెకు తీసుకున్నారు. విలన్ వేషం కట్టే నటుడు మరో సినిమాకి వెళ్లిపోయేలోపు అది తీసెయ్యాలి. సరిగ్గా అప్పుడే మామయ్య ఒక ఉదయం మంచం దిగలేకపోయాడు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూసి, మామయ్య వైపు తిరిగి, మళ్లీ ఎక్స్‌రే వైపు తిరిగాడు.

“ఈ తుంటితో ఇన్నాళ్లు ఎలా నిలబడ్డారండీ?”

“మా మేనకోడలు గీసుకుంటుందండీ,” అన్నాడు మామయ్య గర్వంగా.

డాక్టరుకు అర్థం కాలేదు. అడగనూ లేదు. ఇంకో నెల ఇలాగే నిలబడితే ఆ తరవాత జన్మలో కుర్చీలోంచి లేవలేరనీ, వచ్చే సోమవారం కొత్త తుంటి వేసేస్తామనీ, వేశాక నిటారుగా నడుస్తారనీ చెప్పాడు.

ఆ కబురు స్టూడియోకి చేరిన మర్నాడే డైరెక్టరు ఆపిల్ పళ్ల సంచితో ఇంటికి వచ్చాడు. కుట్టు మిషను పక్కన ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. మామయ్య మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. డైరెక్టరు ఆయన్ని రెండు చేతులూ జోడించి పలకరించి, విషయానికి వచ్చాడు.

“ఆపరేషన్ అయ్యాక ఈయన ఎలా నిలబడతారమ్మా?”

“నిటారుగా, సార్.”

ఆయన ముఖం పాలిపోయింది. “నిటారుగానా? సినిమా అంతా వాలి ఉన్నవాడు ఆఖరి ఫైటులో నిటారుగా ఎలా వస్తాడు? జనం డూప్ అనుకోరూ?”

“మా అన్నయ్య కాలు పోతుంటే మీకు డూప్ గొడవేంటండీ?” అంది ఆమె తల్లి, మిషను ఆపకుండానే.

“పోతుందని ఎవరన్నారమ్మా? ఒక్క నెల ఆగమంటున్నాను, అంతే.”

“డాక్టరుగారు అన్నారు. మీకు బోర్డు ఉన్నట్టే ఆయనకీ ఒకటి ఉంది లెండి, ఎక్స్‌రే అంటారు. అందులో ఏముంటే అదే జరుగుతుందట.”

డైరెక్టరుకు ఆ వాదన బాగా తగిలింది. బోర్డును కాదనడం ఆయన వల్ల అయ్యే పని కాదు. మామయ్యే ఆయన్ని ఆదుకోబోయాడు.

“ఒక్క నెలే అంటున్నారు కదే చెల్లీ. గిడ్డంగి ముందు ఇరవై ఏళ్లు నిలబడ్డవాణ్ణి, నెల నిలబడలేనా?”

“నువ్వు నోరు మూసుకో అన్నయ్యా. నీకు నిలబడటం తప్ప ఇంకేం తెలుసు?”

లేచి వెళుతూ డైరెక్టరు గుమ్మం దగ్గర బాణాలమ్మతో మెల్లగా అన్నాడు. “నీకు వీలుకాకపోతే చెప్పు. ఇంకో ఆర్టిస్టును పిలవాలి. కోపంతో అనడంలేదమ్మా. బోర్డు లేకపోతే నాకు కళ్లు లేనట్టే, నీకు తెలుసుగా.”

ఆమెకు తెలుసు. మరొకరిని పిలిస్తే ఆ మరొకరే ఉండిపోతారనీ, మెట్ల మలుపులో రెండో బల్ల పట్టదనీ కూడా తెలుసు. సోమవారంలోగా ఏదో ఒకటి గీసెయ్యాలని తల్లిని గది మధ్యలో నిలబెట్టింది.

“ఏం చెయ్యాలే?”

“ఏం చెయ్యొద్దమ్మా. ఊరికే నిలబడు.”

“ఊరికే నిలబడటం కూడా ఒక పనేనా? స్టవ్వు మీద పాలున్నాయి.”

కాగితం మీద హీరో అచ్చం స్టవ్వు మీద పాలు పెట్టి వచ్చిన మనిషిలా తయారయ్యాడు. విలన్ గొంతు పట్టుకున్న గడిలో కూడా అతని తల వంటింటి వైపే తిరిగి ఉంది. ఆమె చించేసింది. అద్దంలో తనను తాను చూసుకుంటూ గీసింది. అందులో హీరో పెన్సిలు పట్టుకుని ఉన్నాడు. అదీ చించేసింది.

మామయ్య మంచం మీద నుంచి ఈ అవస్థంతా చూశాడు. ఆదివారం సాయంత్రం తల్లి బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్లగానే, గోడ పట్టుకుని లేచి, గది మధ్యకు వచ్చాడు.

“గీసుకో అమ్మడూ. ఒక్క ఫైటేగా. తొందరగా కానిచ్చెయ్.”

“వద్దు మామయ్యా. పడతావు.”

“పడితే పడ్డట్టు గియ్యి. ఫైటులో పడరా ఏంటి?”

ఆమె చెయ్యి అలవాటు కొద్దీ పెన్సిలు అందుకుంది. ఎడమకాలి మీద బరువు, నడుము మీద చెయ్యి, వాలిన భుజం. ఒక గడి, రెండో గడి. మూడో గడిలో మోకాలు వంగింది. నాలుగో గడిలో చెయ్యి గాలిలో ఉంది. అయిదో గడిలో మనిషి సగానికి మడతపడి ఉన్నాడు, పక్కన కిందికి చూస్తున్న నల్ల బాణం. చప్పుడు విన్నాక గానీ ఆమె తల ఎత్తలేదు. బట్టల మూటతో సహా పరుగెత్తుకు వచ్చిన తల్లి అప్పటికే అన్నగారి తలను ఒళ్లోకి తీసుకుంది.

“మామయ్య పడుతుంటే బొమ్మ గీస్తూ కూర్చున్నావుటే నువ్వు?”

కాగితం మీద బాణం చాలా చక్కగా వచ్చింది. ఆమె జీవితంలో వేసిన బాణాలన్నింటిలోకీ అంత సూటిగా వచ్చింది మరొకటి లేదు. వేలు తెగకుండా చూడటమే ఈ పని అని చెప్పుకున్న మనిషి, ఎదురుగా మనిషి కూలుతుంటే దిశ చూపిస్తూ కూర్చుంది. మామయ్యకు కొత్తగా దెబ్బలేమీ తగలలేదని తేలాక, ఆమె డైరెక్టరుకు ఫోను చేసింది.

“సార్, రేపు ఆపరేషన్. మారదు. బోర్డు వార్డులోంచి పంపిస్తాను. కుదరదంటే ఇంకొకరిని పెట్టుకోండి.”

“మరి... ఆయన ఎలా నిలబడతారమ్మా?”

“నిలబడరు సార్. పడుకుంటారు.”

“పడుకుంటారు,” అన్నాడాయన, ఆ మాటను కళ్ల ముందుకు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తూ. తెచ్చుకోలేకపోయాడు. “సరే. గీసి పంపు. చూస్తేగాని తెలీదు.”

ఆపరేషన్ బాగా జరిగింది. మామయ్య వార్డులో వెల్లకిలా పడుకున్నాడు. కొత్త తుంటి జారకుండా రెండు మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టారు. మర్నాటి నుంచి వ్యాయామం చేయించడానికి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చేది. భారీ మనిషి, పొట్టి చేతుల కోటు, వీధిలో పోయే బస్సుకు కూడా వినిపించే గొంతు. మామయ్య మడమ కింద అరచెయ్యి పెట్టి కాలు పైకెత్తేది.

“ఎత్తండి మావయ్యగారూ, ఎత్తండి. ఇంకొంచెం. ఏడవకండి, శభాష్! దించండి. మళ్లీ.”

“ఈ పిల్ల నా ప్రాణం తీస్తోందే,” అనేవాడు మామయ్య మేనకోడలి వైపు చూసి.

బాణాలమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గీసింది. కనిపించనిది గీయడం ఆమెకు రాదు. కనుక హీరో క్వారీ మధ్యలో వెల్లకిలా పడుకున్నాడు, మోకాళ్ల మధ్య దిండుతో. విలన్ అతని మీదికి వంగి, మడమ పట్టుకుని, కాలు పైకెత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. పక్కన నల్ల బాణాలు పైకీ కిందికీ. కాలు ఎత్తే వేళ అయినప్పుడల్లా ఆమె పెన్సిలు పక్కన పెట్టి మామయ్య చెయ్యి పట్టుకుని కూర్చునేది. కాలు దిగాక, చూసినది జ్ఞాపకం పెట్టుకుని గీసేది. పరీక్షనాటి వీపు తప్పిస్తే, ఆ వృత్తిలో అంతవరకు ఆమెకు రాని పని అది. మొదట్లో గీతలు వణికాయి గానీ, బొమ్మలు నిలిచాయి.

క్వారీలో ఏం జరిగిందో ప్రొడక్షన్ మేనేజరు తరవాత ఆమెకు చెప్పాడు. ఫైట్ మాస్టరు బోర్డును తిరగేసి, మరగేసి, తలకిందులుగా పట్టుకుని కూడా చూశాడట.

“పడుకుని ఎలా కొడతాడయ్యా?”

“బోర్డులో ఉంది మాస్టారూ.”

“కొట్టటమే లేదు ఇందులో!”

“లేదంటే లేనట్టే. దిండు తెప్పించమంటారా?”

దిండు తెప్పించారు. గలీబు తెల్లగా ఉండాలా, చారలుండాలా అన్న దాని మీద కాసేపు తర్జనభర్జన జరిగింది. హీరోకి ఈ ఫైటు ఎంతో నచ్చింది. నెలల తరబడి ఒంటికాలి మీద వాలి నిలబడి నడుము పడిపోయి ఉన్నాడు. పేచీ పెట్టింది విలన్.

“నేను వీడి ప్రాణం తియ్యడానికి వచ్చానా, కాలు పట్టడానికి వచ్చానా?”

డైరెక్టరు గడిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని పరీక్షగా చూశాడు. గుండ్రని తల, అడ్డగీత. “ఎందుకొచ్చావో నీ ముఖంలో నువ్వు పెట్టుకో. అది నీ ఇష్టం. కాలు మాత్రం ఎత్తాలి.”

విలన్ పెద్ద నటుడు. ద్వేషంతో మొదలుపెట్టాడు. కానీ ఎంత ద్వేషించినా, ఒకరి మడమ అరచేతిలో పెట్టుకుని పదిసార్లు నెమ్మదిగా ఎత్తి దించేసరికి ముఖం దారి తప్పింది. ఎనిమిదోసారికి తన ప్రమేయం లేకుండానే “ఇంకొంచెం” అన్నాడు. ఆ మాట సినిమాలో ఉంచేశారు.

ఆఖరి బోర్డు క్వారీకి మరో రెండు రోజుల తరవాత చేరింది. ఆ ఉదయం మామయ్యను మొదటిసారి లేపి నిలబెట్టారు. చేతులకు వాకర్ ఇచ్చారు, నాలుగు కాళ్ల ఇనుప చట్రం. ఫిజియోథెరపిస్టు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చాచి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, “రండి, నేనున్నాను, రండి,” అంది. మామయ్య భుజాలు రెండూ ఒక్క ఎత్తులో ఉన్నాయి. బాణాలమ్మ పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని అలా చూడలేదు. తల్లి ఒక చేత్తో నోరు మూసుకుని, ఇంకో చేత్తో మెడలోని టేపు తీసి, చటుక్కున అన్నగారి భుజం కొలత తీసుకుంది.

ఆ దృశ్యాన్నీ ఆమె తరవాతే గీసింది. రాళ్ల క్వారీలో వాకర్ ఉండటం అసంబద్ధమని తోచి, దాన్ని మాత్రం వదిలేసింది. దిండు అసంబద్ధమని ఎందుకు తోచలేదో ఆమె ఈనాటికీ చెప్పలేదు.

సినిమా విడుదలైన వారంలో ముగ్గురూ కలిసి హాలుకు వెళ్లారు. మామయ్య చేతికర్రతో హాలు మెట్లు తనంతట తాను ఎక్కి, కొత్త చొక్కా సవరించుకుని, నడవ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆఖరి ఫైటు మొదలైంది. కాలు లేచింది, దిగింది. హాలంతా మొదట ఎవరో దగ్గితే వినిపించేంత నిశ్శబ్దం. ముందు వరసలో ఒకడు నవ్వాడు. పక్కవాడు వాణ్ణి మోచేత్తో పొడిచాడు. హీరో క్వారీ మధ్యలో లేచి నిలబడ్డాడు. లేని చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒక అడుగు వేశాడు. అతన్ని చంపడానికి వచ్చిన విలన్ రెండు చేతులూ చాచి, పడితే పట్టుకోవడానికి సిద్ధంగా, వెనక్కి వెనక్కి నడిచాడు. వాలిన భుజం మెల్లగా పైకి లేచింది. వెనక వరసల్లో ఎవరో ముక్కు చీదారు. ఎందుకో తెలియకుండానే జనం లేచి నిలబడ్డారు.

“ఆ అడుగు తప్పు,” అన్నాడు మామయ్య పైకే. “ముందు చట్రం జరపాలి, తరవాత కాలు. ఈ పిల్లాడికి ఎవరూ చెప్పలేదా?”

“హుష్, కూర్చోండి తాతా!” అన్నారు వెనకవాళ్లు.

“నేనెందుకు కూర్చోవాలి?” అన్నాడు మామయ్య. అప్పుడు చూసుకున్నాడు, తనూ లేచి నిలబడే ఉన్నాడు. కర్ర కుర్చీకి ఆనించి ఉంది.

ఉద్యోగం నిలిచింది. మెట్ల మలుపులోని బల్ల ఇప్పటికీ ఒకటే. అయితే పని మునుపటిలా సాగడంలేదు. మామయ్య ఒకచోట నిలబడటం మానేశాడు. ఇరవై ఏళ్ల నడక బాకీ ఉన్నవాడిలా తిరుగుతున్నాడు. పొద్దున్న పాలకు, ఆ తరవాత కూరగాయలకు, ఆ తరవాత కూరగాయల్లో ఏదో మరచిపోయానని మళ్లీ. దేనికోసం వెళ్లాడో మరచిపోయినా ఆగడు. నడుస్తూనే గుర్తు తెచ్చుకుంటాడు. ఆమె కాగితం పరిచేలోపు గది ఖాళీ.

కొత్త సినిమా మొదటి బోర్డు డైరెక్టరు ముందు పెట్టినప్పుడు ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. గది ఉంది. కుర్చీ ఉంది. తెరిచిన తలుపు ఉంది. తలుపులోంచి బయటికి వెళుతున్న పొడవాటి నల్ల బాణం ఉంది.

“హీరో ఏడమ్మా?”

“కూరగాయలకి వెళ్లాడు సార్.”

“ఎప్పుడొస్తాడు?”

“చెప్పి వెళ్లలేదు.”

ఆయన ఆ ఖాళీ గదిని చాలాసేపు చూశాడు. బాణం వెంట వేలు పెట్టి, తలుపు దాకా తీసుకెళ్లి, అక్కడ ఆపాడు. తరవాత మేనేజరును కేకేశాడు.

“హీరోకి ఫోన్ చేసి రావద్దని చెప్పు. తలుపు మాత్రం తెరిచి పెట్టించు.”